కెంపువన్నె బంగారం

బంగారం అనగానే పసిమి మెరుపు మనసులో మెదులుతుంది. అదే బంగారాన్ని కంటికి కనిపించనంత సూక్ష్మ రేణువులుగా మార్చి నీటిలో నిలిపితే కెంపువలె ఎర్రగా ప్రకాశిస్తుంది. ఈ వింతకు ప్రయోగపూర్వకంగా కారణం అన్వేషించిన మహనీయుడు మైకేల్ ఫారడే. విద్యుత్ శాస్త్రానికి పునాదులు వేసినవాడిగా లోకం ఆయనను ఎరుగును. కాన్సర్ కణితులను గుర్తించే నేటి పరిశోధనలకు సైతం ఆయన తనకు తెలియకుండానే బాట వేశాడు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ నగర సమీపంలోని న్యూవింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఆయన తరచు అనారోగ్యం పాలవడం వల్ల కుటుంబాన్ని దారిద్ర్యం వెన్నాడింది. ధరలు మండిపోయిన 1801లో తల్లి ఇచ్చిన ఒక్క రొట్టెతోనే బాలుడు వారమంతా గడపవలసి వచ్చింది. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు మాత్రమే బడిలో అబ్బాయి. పద్నాలుగో ఏట జార్జి రీబో అనే పుస్తక వ్యాపారి వద్ద బైండింగ్ పని నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ అతని చేతులు అట్టలు కుడుతుంటే కళ్లు పుటలను చదివేవి. జేన్ మార్సెట్ రచించిన రసాయనశాస్త్ర గ్రంథం అతనికి గురువైంది.

1812లో ఒక పెద్దమనిషి ఇచ్చిన ప్రవేశపత్రాలతో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలను విన్నాడు. వాటిని శ్రద్ధగా రాసుకొని, చిత్రాలతో అలంకరించి, స్వయంగా బైండు చేసి డేవీకి పంపాడు. ఆ పుస్తకమే అతనికి యోగ్యతాపత్రమైంది. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగశాల సహాయకుడిగా నియమితుడయ్యాడు. డేవీ దంపతులతో యూరప్ యాత్ర చేసినప్పుడు సేవకుడిగా అవమానాలు సహించాడు. కాని విద్యను మాత్రం విడువలేదు. 1825లో బెంజీన్‌ను కనుగొన్నాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణను నిరూపించాడు. నేటి విద్యుత్ కేంద్రాలలోని జనరేటర్లన్నీ ఆ సూత్రంపైనే ఆధారపడి ఉన్నాయి.

అవిశ్రాంత కృషి ఆయన ఆరోగ్యాన్ని హరించింది. నలభై తొమ్మిదేళ్లు నిండకముందే తలతిరుగుడు, మతిమరపు బాధించసాగాయి. జ్ఞాపకశక్తి తరగిపోతున్న ఆ శాస్త్రవేత్తకు దినచర్య పుస్తకమే ఊతకర్ర. ప్రతి ప్రయోగాన్ని వరుస సంఖ్యలు వేసి అందులో నమోదు చేసేవాడు. ఆ స్థితిలోనే, అరవై నాలుగేళ్లు దాటిన వయసులో, బంగారానికీ కాంతికీ గల సంబంధాన్ని పరిశోధించడానికి పూనుకున్నాడు.

ఆయన బంగారు క్లోరైడు ద్రావణాన్ని భాస్వరంతో చర్య జరిపించాడు. నీరు కెంపువన్నె దాల్చింది. దానిలోనికి కాంతిపుంజాన్ని ప్రసరింపజేయగా ఆ దారి స్పష్టంగా వెలిగింది. మామూలు ద్రావణంలో కాంతి అలా చెదరదు. కనుక నీటిలో ఉన్నది కరిగిన పదార్థం కాదని, తేలియాడే బంగారు రేణువులని ఆయన నిర్ణయించాడు. అందులో ఉప్పు కలిపితే రేణువులు కూడుకొని ఎరుపు నీలంగా మారుతుందని కూడ గమనించాడు. 1857 ఫిబ్రవరిలో ఈ ఫలితాలను రాయల్ సొసైటీకి సమర్పించాడు. నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్లవ వంతు. ఆ కొలత గల రేణువులను చూడగల సూక్ష్మదర్శిని ఆనాడు లేదు. కంటికి అందనిదానిని ఆయన తర్కంతో పట్టుకున్నాడు.

ఫారడే మరణించిన 28 సంవత్సరాలకు, 1895లో, రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. ఈ కిరణాలు ఎముకను చూపినంత స్పష్టంగా మెత్తని కణితిని చూపలేవు. అందుకే సి.టి. స్కాన్‌కు ముందు రోగి రక్తంలోకి అయోడిన్ పదార్థాన్ని ఎక్కిస్తారు. అది త్వరగానే మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అయోడిన్ పరమాణు సంఖ్య 53, బంగారానిది 79. బరువైన పరమాణువులు కిరణాలను ఎక్కువగా అడ్డగిస్తాయి. పైగా త్వరత్వరగా పెరిగే కణితుల రక్తనాళాల గోడలలో సందులు ఏర్పడుతుంటాయి. నానోరేణువులు వాటి గుండా చొరబడి కణితిలో నిలుస్తాయి. 2006లో జేమ్స్ హైన్‌ఫెల్డ్, ఆయన సహచరులు 1.9 నానోమీటర్ల బంగారు రేణువులతో ఎలుకలలోని కణితులను ఎక్స్-కిరణ చిత్రాలలో చూపగలిగారు.

రక్తంలోనూ ఉప్పు ఉంది. ఫారడే చూసినట్లే రేణువులు గుంపుకూడకుండా వాటికి పైపూత పూయవలసి ఉంటుంది. పెద్ద రేణువులు కాలేయంలో, ప్లీహంలో చాలాకాలం నిలిచిపోవడం మరొక చిక్కు. అందరి కణితులలోనూ అవి ఒకే విధంగా చేరవు. అందువల్ల ఈ విధానం ఇంకా ఆసుపత్రులలో సాధారణ చికిత్సాక్రమంలో భాగం కాలేదు. పరిశోధన సాగుతూనే ఉంది.

కీర్తి శిఖరాన ఉండి కూడ ఫారడే నిరాడంబరుడు. సర్ బిరుదును, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని వినయంగా తిరస్కరించాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులోని ఇంటిలో కన్నుమూశాడు. ఆయన తయారుచేసిన బంగారు ద్రవపు సీసాలు కొన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ భద్రంగా ఉన్నాయి. ప్రయోజనం ఏమిటని అడగక, సత్యం ఏమిటని అడిగిన ఒక కమ్మరి కుమారుని జిజ్ఞాస నూటయాభై ఏళ్ల తరువాత వైద్యులకు ఆశాకిరణమైంది. జ్ఞానార్జనకు పేదరికం గాని, వార్ధక్యం గాని అడ్డుకాదని ఆయన జీవితం విద్యార్థిలోకానికి చాటుతున్నది.