కరివేపాకు మీది పురుగు, మరియా మేరియన్ నోట్‌బుక్

ఇంట్లో కరివేపాకు మొక్క ఉంటే ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించేదాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. కదిలితే అది గొంగళిపురుగు. కొన్నాళ్లకు ఆకుపచ్చగా మారి, ప్యూపా కట్టుకుని, నల్ల రెక్కల మీద తెల్ల మచ్చలున్న కామన్ మార్మన్ సీతాకోకచిలుకగా ఎగిరిపోతుంది.

ఈ లైఫ్ సైకిల్‌కి మన పిల్లలు చిన్న తరగతుల్లోనే బాణం గుర్తులు వేసేస్తారు. కానీ 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరియా సిబిల్లా మేరియన్ పుట్టేనాటికి, పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది నమ్మేవారు. ఆమెకు మూడేళ్లప్పుడే తండ్రి పోయారు. పూల చిత్రాలు వేసే సవతి తండ్రి దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. పదమూడేళ్లకు పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టారు. తర్వాత కనబడ్డ గొంగళిపురుగునల్లా ఇంటికి తెచ్చి, అది ఏ ఆకు తింటుందో, ఎప్పుడు ప్యూపా అయిందో రాసుకునేవారు. చాలా పురుగులు తమకు అలవాటైన మొక్కల ఆకులే తింటాయి, వేరేది పెడితే ముట్టుకోవు. అందుకే 1679లో వచ్చిన ఆమె పుస్తకంలో మొక్క, పురుగు, ప్యూపా, సీతాకోకచిలుక ఒకే పేజీలో ఉంటాయి.

ఒక్కోసారి ప్యూపాలోంచి సీతాకోకచిలుకకు బదులు ఈగలు వచ్చేవి. ఆమె వాటినీ వదలకుండా రాసుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. మా క్లాసులో ఒక బాబు సీసాలో పెంచిన ప్యూపాలోంచి ఈగలు వస్తే, పాడైపోయింది, పారేయమన్నాను నేను. నిజానికి కొన్ని ఈగలు, కందిరీగలు గొంగళిపురుగు మీదే గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు దాన్ని లోపల్నుంచి తిని పెరుగుతాయి.

1699లో, 52 ఏళ్ల వయసులో, తన చిత్రాలు అమ్మిన డబ్బుతో చిన్న కూతురు డొరొతియాను తీసుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కారు. చెరకు తప్ప వేరే ధ్యాస లేని అక్కడి డచ్చి తోటల యజమానులు ఆమెను చూసి నవ్వారు. బానిసలుగా ఉన్న స్థానికులు, ఆఫ్రికన్లే ఆమెకు పురుగులు తెచ్చిపెట్టారు, మొక్కల సంగతులు చెప్పారు. జబ్బుచేసి 1701లో తిరిగొచ్చినా, 60 చిత్రాల పుస్తకాన్ని 1705లో అచ్చువేయించారు. 1717లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్నుమూశారు.

ఈ నెల మీ పిల్లల చేత కూడా ఒక నోట్‌బుక్ పెట్టించండి. ముందు తేదీ, మొక్క పేరు రాయించండి. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు చారలుంటే అది ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు కావచ్చు. ఆ బాబు మళ్లీ సీసా తెచ్చాడు, ఈసారి నిమ్మకొమ్మతో. దాన్ని కిటికీ దగ్గర పెట్టాం.