గ్లెన్ కర్టిస్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రపు పడమటి భాగమున, క్యూకా అను సరస్సు కలదు. దాని దక్షిణపు కొనయందు హేమండ్స్‌పోర్టు అను చిన్న పట్టణము ఉన్నది. చుట్టును కొండలు, ఆ కొండల వాలున ద్రాక్షతోటలు. ఈ పట్టణమున 1878వ సంవత్సరము మే నెల 21వ తేదీన గ్లెన్ హేమండ్ కర్టిస్ జన్మించెను. మోటారుసైకిలుపై మహావేగమున పోయినవాడుగను, విమానములను నిర్మించి నడపినవాడుగను ఇతడు లోకమునకు తెలిసినవాడు. అయితే, జీవితపు చివరి సంవత్సరములలో ఇతడు మరియొక వస్తువును కల్పించెను. అది మోటారుకారు వెనుక కుదుపులేక నడచు ఇల్లు. వేగమునే కోరిన మనిషి నిలకడను వెదకుట ఎట్లు సంభవించెనో ఈ చరిత్ర వలన తెలియగలదు.

బాల్యమునందే అతనికి కష్టములు ఎదురయ్యెను. తండ్రి ఫ్రాంక్ కర్టిస్ గుర్రములకు జీనులును తోలు వారులును కుట్టి కుటుంబమును పోషించుచుండెను. కుమారునకు అయిదేండ్లు నిండకముందే ఆయన మరణించెను. తరువాత కొలదికాలమునకు చెల్లెలు రూతా జబ్బుపడి వినికిడిని కోల్పోయెను. చెవిటి పిల్లలకు చదువు చెప్పు పాఠశాల రాచెస్టరు నగరమున ఉండుటచే, తల్లి లూవా కుమార్తె చదువు కొరకు అచ్చటికి తరలిపోయెను. గ్లెన్ కొంతకాలము నాయనమ్మ యింట పెరిగెను. ఎనిమిదవ తరగతితో అతని బడిచదువు ముగిసెను. మీరిప్పుడు చదువుచున్న తరగతియే అతనికి కడపటి తరగతి యయ్యెను.

అటుపిమ్మట గ్లెన్ రాచెస్టరు నగరములో, ఫొటోగ్రాఫు ఫిల్ములను తయారుచేయు ఈస్ట్‌మన్ కంపెనీలో పనికి కుదిరెను. అచ్చట ఫిల్ము వెనుకనుండు కాగితముపై అంకెలను చేతితో వేయుచుండిరి. ఆ పని మెల్లగా సాగుటను చూచి, అంకెలను త్వరగా అచ్చువేయు చిన్న యంత్రమును ఆ బాలుడు స్వయముగా కల్పించెను. కర్మాగారమువారు దానిని వాడుకలోనికి తెచ్చిరి. చేయుచున్న పనిలోని చిక్కును కనిపెట్టి, దానికి తగిన ఉపాయమును చేతులతోనే వెదకుట అతనికి నాటినుండియు అలవాటయ్యెను. కొంతకాలమునకు అతడు తంతి కచేరిలో చేరి, సైకిలుపై తిరిగి తంతివార్తలను ఇంటింటికి అందించుచుండెను. ఈ కొలువు వలన అతనికి సైకిలుపై ప్రీతి కలిగెను. పందెములలో పాల్గొని గెలువసాగెను.

1898వ సంవత్సరమున అతడు లీనా పెర్ల్ నెఫ్ అను యువతిని వివాహమాడెను. హేమండ్స్‌పోర్టునకు మరలివచ్చి సైకిళ్ళ దుకాణము పెట్టెను. అయినను కాలి బలముతో నడచు బండితో అతనికి తృప్తి కలుగలేదు. 1901లో పోతపోసిన ఇంజను భాగములను తెప్పించి, వానిని తానే కూర్చి సైకిలునకు అమర్చెను. పెట్రోలును గాలితో కలుపు పాత్ర కావలసి వచ్చినప్పుడు, టమాటాలు నింపి అమ్ము ఖాళీ రేకుడబ్బా ఒకటి తీసికొని, అందు సన్నని జల్లెడ నమర్చి పని జరుపుకొనెను. ఆ బండి నడచెను. కాని దాని లోపములు అతనికి కనబడెను. మరుసటి ఏట తన సొంత ఇంజనులతో మోటారుసైకిళ్ళను తయారుచేసి అమ్మసాగెను.

కర్టిస్ ఇంజనులకు ఒక విశేషము కలదు. అవి బరువున తక్కువ, బలమున ఎక్కువ. 1903లో అతడు తన మోటారుసైకిలుపై గంటకు 64 మైళ్ళ వేగమున ఒక మైలు దూరము పోయి రికార్డు నెలకొల్పెను. 1907వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్లారిడా రాష్ట్రమున, ఆర్మండ్ సముద్రతీరమునందలి గట్టి యిసుకపై, ఎనిమిది సిలిండర్లును 40 అశ్వశక్తియు గల ఇంజను అమర్చిన మోటారుసైకిలు నెక్కెను. ఒక మైలు దూరమును 26.4 సెకనులలో దాటెను. అనగా గంటకు 136 మైళ్ళు, సుమారు 219 కిలోమీటర్ల వేగము. అధికారికముగా దానికి గుర్తింపు లభింపకున్నను, అతడు ఎంత వేగమున పోయెనో చూపరులు ఎరుగుదురు.

రెండవ పరుగున ప్రమాదము సంభవించెను. ఇంజను శక్తిని వెనుక చక్రమునకు అందించు కడ్డీకి గల కీలు విరిగెను. కడ్డీ విడివడి కొట్టుకొనుచుండగా, బండి చట్రము వంగిపోయెను. కర్టిస్ కలతచెందక, పట్టు వదలక, బండిని మెల్లగా ఆపి ప్రాణములతో బయటపడెను. ఇంజను ఎంత గొప్పదైనను, రెండు భాగములను కలుపు కీలు బలహీనమైనచో సర్వమును వ్యర్థమగునని ఆ దినము తేటపడెను.

తేలికయైన ఇంజను ఆకాశయానమునకును అవసరమే. 1904లో బాల్డ్విన్ అను నతడు కర్టిస్ ఇంజనును తన గాలియోడకు అమర్చుకొనెను. 1907లో టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహం బెల్, విమానముల పరిశోధనకై తాను స్థాపించిన సంఘమునకు కర్టిస్‌ను ఆహ్వానించెను. మరుసటి ఏట జూలై 4వ తేదీన, జూన్‌బగ్ అను విమానమును కర్టిస్ హేమండ్స్‌పోర్టు ప్రజలయెదుట ఒక కిలోమీటరునకు మించిన దూరము నడిపి, సైంటిఫిక్ అమెరికన్ పత్రికవారి బహుమానమును పొందెను. 1909 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు రైమ్స్ నగరమున జరిగిన వేగపు పందెమున, బ్లేరియో అను ప్రసిద్ధ వైమానికుని కొలది సెకనుల తేడాతో ఓడించెను. 1910 మే 29వ తేదీన హడ్సన్ నది వెంబడి ఆల్బనీ నుండి న్యూయార్కునకు విమానమున వచ్చి 10,000 డాలర్ల బహుమతి గైకొనెను. 1911 జనవరిలో నీటిపైనుండి లేచి, నీటిపై దిగు విమానమును శాన్ డియాగో రేవులో నడపెను.

కీర్తితోపాటు కలహమును వచ్చెను. విమానమును ప్రక్కలకు ఒరగకుండ అదుపుచేయు పద్ధతి తమ హక్కుపత్రమునకు లోబడినదని రైట్ సోదరులు 1909లో అతనిపై వ్యాజ్యము వేసిరి. రెక్కలను మెలిత్రిప్పుట వారి పద్ధతి; రెక్కలకు కదలు పలకలను అమర్చుట కర్టిస్ పద్ధతి. 1914లో న్యాయస్థానము రైట్ సోదరుల పక్షమున తీర్పు చెప్పెను. మొదటి ప్రపంచయుద్ధము వచ్చిన పిమ్మట, 1917లో విమాన నిర్మాతలందరును హక్కుపత్రములను పంచుకొన అంగీకరించుటతో ఆ వివాదము అణగెను. మొట్టమొదట విమానమును నడపిన గౌరవము రైట్ సోదరులదే. ఆ తరువాతి మెట్లను కట్టినవారిలో కర్టిస్ ముఖ్యుడు. ఆ యుద్ధకాలమున అమెరికా, కెనడా వైమానికులలో పెక్కురు అతని కంపెనీవారి జెన్నీ విమానములపైననే శిక్షణ పొందిరి.

యుద్ధానంతరము కర్టిస్ వ్యాపారభారమును తగ్గించుకొని, ఫ్లారిడా రాష్ట్రమున స్థిరపడెను. మయామీ నగర సమీపమున హయాలియా, ఓపాలోకా మున్నగు పట్టణముల నిర్మాణమునకు పూనుకొనెను. వేట యన్నను, అడవులలో విడిది చేయుటయన్నను అతనికి మిక్కిలి యిష్టము. గుడారములు, పడకలు, వంటపాత్రలు మోటారుకారులో ఇముడుట కష్టము. కావున కారు వెనుక ఈడ్చుకొనిపోదగిన మడతయిల్లు నొకదానిని అతడు కల్పించెను. అతని సవతి తమ్ముడు కారల్ ఆడమ్స్ అట్టి బండ్ల తయారీ చేపట్టెను.

అయితే కారు తోకకు తగిలించి ఈడ్చు బండికి ఒక దోషము కలదు. దానిని తెలిసికొనుటకు మన యెద్దుబండిని తలచుకొనిన చాలును. బండిలో ముందువైపు బరువు మితిమీరినచో కాడి ఎద్దుల మెడలను అణచును. వెనుకవైపు మితిమీరినచో నొగలు పైకి లేచి కాడి ఎగయును. అట్లే, కారు వెనుక చక్రములకు ఆవల బరువు వ్రేలాడినచో, కారు వెనుకభాగము క్రుంగి ముందుభాగము తేలికయగును. ముందు చక్రములు తేలికయైనచో వానికి నేలపై పట్టు తగ్గి, కారును మలపుట కష్టమగును. అంతేకాక, వెనుక బండి గాలికో, గుంతకో ప్రక్కకు ఊగినప్పుడు, ఆ ఊపు కారు తోకను పట్టి ఆడించును. వేగము హెచ్చినకొలది ఈ అపాయము హెచ్చును. బండిలో కుటుంబమే కూర్చుండియున్నచో ఆ అపాయమెంతటిదో ఊహింపవచ్చును.

కర్టిస్ ఈ చిక్కుకు రెండు ఉపాయములను కనుగొనెను. మొదటిది, బండిని విమానపు కాయమువలె కట్టుట. సన్నని కొయ్య చట్రమును బిగువైన తీగలతో బిగించి, తేలికయు దృఢమునగు గదిని నిర్మించెను. రెండవది, అతుకును తోకనుండి తీసి, కారు వీపుపైకి తెచ్చుట. కారు వెనుకభాగమున గాలితో నిండిన టైరుగల చక్రము నొకదానిని పడుకోబెట్టి అమర్చెను. బండి ముందుభాగమునుండి దిగు మేకు ఆ చక్రపు నడిబొడ్డున దిగబడును. కారు మలగినప్పుడు బండి ఆ మేకును ఆధారముగా చేసికొని తిరుగును. టైరులోని గాలి కుదుపులను మ్రింగును. బరువు కారు చక్రములపై పడుటచే కారు తోక క్రుంగదు, ఊపును తగ్గును.

గుర్రపుబండ్లలో ముందు ఇరుసు మలుగుటకై దానిపై పడుకోబెట్టియుంచు చక్రమును పూర్వమునుండియు అయిదవ చక్రమని పిలుచుచుండిరి. నేలను తాకు చక్రములు నాలుగు, తాకనిది అయిదవది. సరకుల లారీలలోను ఇట్టి అతుకు అప్పటికే వాడుకలో ఉండెను. మనుష్యులు సుఖముగా కూర్చుండి, నిదురించి, ప్రయాణము చేయు బండికి దానిని చక్కగా ఇమిడ్చిన ఘనత కర్టిస్‌ది. ఈ బండికి ఏరోకార్ అని పేరు పెట్టి, 1928 ప్రాంతమున ఓపాలోకాలో కంపెనీ నెలకొల్పెను. కొన్ని ఏరోకార్లలో పడకలును వంటతావును ఉండెను.

ఈ సుఖమును చిరకాలము అనుభవించు భాగ్యము అతనికి లేకపోయెను. ఉండుకమునకు శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, 1930వ సంవత్సరము జూలై 23వ తేదీన, బఫెలో నగరమున కర్టిస్ హఠాత్తుగా మరణించెను. అప్పటికి అతని వయస్సు 52 ఏండ్లు. జన్మస్థలమగు హేమండ్స్‌పోర్టుననే అతనిని సమాధిచేసిరి. అచ్చట అతని పేర ఒక ప్రదర్శనశాల కలదు.

అతని అయిదవ చక్రపు బండి వంశము నేటికిని వర్ధిల్లుచున్నది. అమెరికాలో మోటారుసైకిళ్ళను వెంట గొనిపోవు యాత్రికుల కొరకు టాయ్ హాలర్ అను బండ్లు కలవు. ఆటబొమ్మలను మోయునదని దాని అర్థము. పెద్దవారి ఆటబొమ్మలు మోటారుసైకిళ్ళే కాబోలు. ముందువైపు పడకలు, వంటయిల్లు ఉండును. వెనుకవైపు మోటారుసైకిళ్ళ కొట్టు ఉండును. వెనుక గోడయే క్రిందికి వాలి వానిని ఎక్కించు దారియగును. అయిదవ చక్రపు బండిలో మొత్తపు బరువున సుమారు అయిదవ వంతు ఈడ్చు మోటారు వీపుపై పడును. నిండిన బండి 5,000 కిలోగ్రాములు తూగినచో, 1,000 కిలోగ్రాములు మోటారు మోయవలెను.

కావున ఇట్టి బండిని ఎన్నుకొనువారు రంగును, పరుపుల మెత్తదనమును చూచి మోసపోరాదు. ఖాళీ బండి బరువును మాత్రమే కాక, నీరు, ఇంధనము, సామాను, మోటారుసైకిళ్ళు నిండిన బరువును లెక్కింపవలెను. పెద్ద మోటారుసైకిళ్ళు కొన్ని ఒక్కొక్కటియే 300 కిలోగ్రాములకు మించి తూగును. అవి ఇరుసులకు వెనుక నిలుచును గనుక, యెద్దుబండి నొగల వలె ముందుభాగము తేలికపడును. వానిని దింపివేసినప్పుడు, మొత్తపు బరువు తగ్గినను, మోటారు వీపుపై భారము పెరుగును! అందుచే మోటారుసైకిళ్ళు ఎక్కించియు, దింపియు, రెండు విధముల తూచి చూచుకొనుట వివేకుల లక్షణము. మోటారుసైకిళ్ళను కదలకుండ కట్టుటకు నేలలో గట్టి కొక్కెములును, పెట్రోలు ఆవిరి పడకలవైపు రాకుండ గాలి వెడలు మార్గములును కలవో లేవో చూడవలెను.

కర్టిస్ చదివినది ఎనిమిది తరగతులే. అయినను, యంత్రము చెప్పు పాఠమును అతడు జీవితాంతము చదువుచునే యుండెను. యౌవనమున వేగమును సాధించి పేరు పొందెను. తరువాత, తన వెనుక వచ్చువారు సుఖముగా రావలెనని యోచించెను. ముందుండి ఈడ్చువానికి బలమొక్కటే చాలదు. వెనుకనున్న భారము తనపై ఎచ్చట నిలుచునో, తన కదలిక వలన దానికి ఎట్టి కుదుపు కలుగునో ఎరిగియుండవలెను. బండికి వలెనే కుటుంబమునకును, సంఘమునకును ఈ నీతి వర్తించును.