గ్రామ మహిళల ఆరోగ్యం, రక్షణ, సమానత్వానికి బాట వేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

(మే 9 శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

నంద్యాల: నల్లమల కొండల పాదాన, కుందూ నది పరీవాహకంలో విస్తరించిన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల గ్రామాలలో నేడు అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., పొదుపు సంఘం నాయకురాలు లేని ఊరు అరుదు. గర్భిణి పేరు నమోదు చేసేది, పసిబిడ్డ బరువు తూచేది, బడి మానిన బాలిక ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు నచ్చజెప్పేది సాధారణంగా ఆ ఊరికో, ఆ పరిసరాలకో చెందిన మహిళే. గ్రామ మహిళకు సేవలందించవలసింది గ్రామంలోనే నివసించే శిక్షణ పొందిన మరొక మహిళ అన్న ఈ విధానానికి స్వాతంత్ర్యానంతరం జాతీయ స్థాయిలో రూపకల్పన చేసిన వారిలో అగ్రగణ్యురాలు తెలుగు బిడ్డ శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, న్యాయవాదిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఆమె సాగించిన కృషి నేటి మహిళా సంక్షేమ వ్యవస్థకు పునాదిగా నిలిచింది.

బాల్యవివాహం నుంచి బహిరంగ జీవితానికి

దుర్గాబాయి 1909 జూలై 15న గోదావరి తీరాన రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. నాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ల వయసులోనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయసు వచ్చి, ఆ బంధం అర్థం తెలిసిన పిమ్మట కాపురానికి వెళ్లేందుకు ఆమె నిరాకరించారు. బాల్యవివాహాన్ని కాదనుకోవడం ఆడపిల్లకు ఊహకు కూడా అందని ఆ రోజులలో తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయానికి అండగా నిలిచారు. కుటుంబం తోడుంటే ఆడపిల్ల జీవితం ఎంతగా మారుతుందో ఆమె తన అనుభవంతోనే తెలుసుకున్నారు.

1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు పన్నెండేళ్లయినా నిండని దుర్గాబాయి, సంఘం దూరంగా ఉంచిన దేవదాసీలను, ఘోషా పాటించే ముస్లిం మహిళలను ఒకచోట సమావేశపరచి గాంధీజీ వారితో మాట్లాడేటట్లు చేశారు. బడిలో ఆంగ్ల మాధ్యమాన్ని నిరసిస్తూ చదువు మానివేసినా, హిందీ నేర్చుకొని చిరుప్రాయంలోనే బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పి మహిళలకు బోధించారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద సేవకురాలిగా నిలిచిన ఆమె, టిక్కెట్టు లేదన్న కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను సైతం లోనికి అనుమతించని సంఘటన అందరికీ తెలిసినదే. నియమం అందరికీ ఒకటే అన్న పట్టుదల ఆమెను జీవితాంతం విడువలేదు.

చెరసాల నేర్పిన పాఠం

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్న దుర్గాబాయి 1933 వరకు పలుమార్లు అరెస్టయి వేలూరు, మదురై జైళ్లలో శిక్ష అనుభవించారు. మదురైలో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. అయితే తన బాధ కన్నా తోటి మహిళా ఖైదీల దుస్థితి ఆమెను ఎక్కువగా కలచివేసింది. చదువు లేక, చట్టం తెలియక, తమ తరఫున ఏమి చెప్పుకోవాలో కూడా ఎరుగక శిక్షలు అనుభవిస్తున్న పేద స్త్రీలను ఆమె అక్కడ చూశారు. అక్షరజ్ఞానం లేని స్త్రీకి చట్టం ఉన్నా లేనట్లేనని గ్రహించి, విడుదలైన తరువాత న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు.

అందుకు ముందుగా ఆగిపోయిన చదువును పునఃప్రారంభించవలసి వచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన వయసులో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియెట్ పరీక్షలలో ఉత్తీర్ణులయ్యారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చేరదలచినప్పుడు మహిళలకు వసతి గృహం లేదన్న అడ్డంకి ఎదురుకాగా, పత్రికలో ప్రకటన ఇచ్చి చదువుకోదలచిన మరికొందరు యువతులను సమీకరించి, తామే వసతి ఏర్పాటు చేసుకొని ప్రవేశం సాధించారు. 1939లో బి.ఏ. ఆనర్స్, అనంతరం న్యాయశాస్త్ర పట్టా పొంది 1942లో మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టారు.

ఆంధ్ర మహిళా సభ

తాను పడిన ప్రయాస మరి ఏ స్త్రీకీ ఎదురుకాకూడదన్న సంకల్పంతో దుర్గాబాయి మద్రాసులో 1937 నుంచి ఆంధ్ర మహిళా సభ కార్యక్రమాలకు శ్రీకారం చుట్టారు. బాల్యంలో బడి మానిన వారికి, వితంతువులకు, భర్త విడిచిపెట్టిన వారికి తక్కువ కాలంలో మెట్రిక్యులేషన్ పూర్తిచేసే శిక్షణ, చేతివృత్తులు, వసతి సభ ద్వారా లభించాయి. క్రమంగా ప్రసూతి సేవలు, వైద్యశాల, నర్సుల శిక్షణ వచ్చి చేరాయి. ప్రసవానికి వచ్చిన పేద తల్లికి వైద్యం, ఆ వైద్యం అందించే నర్సు ఉద్యోగానికి మరొక నిరుపేద యువతికి శిక్షణ ఒకే సంస్థలో లభించడం సభ ప్రత్యేకత.

ఆమె హృదయ సంస్కారానికి నిదర్శనమైన ఒక ఉదంతం ఇక్కడ పేర్కొనదగినది. బాల్యంలో తనను వివాహమాడిన వ్యక్తి తదుపరి మరొకరిని వివాహం చేసుకున్నారు. 1941లో ఆయన మరణించిన పిమ్మట ఆ రెండవ భార్య నిరాధారురాలు కాగా, దుర్గాబాయి ఆమెను ఆంధ్ర మహిళా సభకు రప్పించి శిక్షణ ఇప్పించి తన కాళ్లపై తాను నిలబడేటట్లు చేశారు. మహిళా సంక్షేమం ఆమెకు వేదికలపై పలికే మాట మాత్రమే కాదనడానికి ఇంతకు మించిన దృష్టాంతం అవసరం లేదు.

రాజ్యాంగ సభలో తెలుగు వాణి

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైన దుర్గాబాయి, సభా కార్యక్రమాలకు అధ్యక్షత వహించే అధ్యక్షుల జాబితాలో ఏకైక మహిళగా గుర్తింపు పొందారు. బాలల, యువజనుల దోపిడీ నివారణ, న్యాయవ్యవస్థ స్వతంత్రత తదితర అంశాలపై చర్చలలో చురుకుగా పాల్గొని పలు సవరణలు ప్రతిపాదించారు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయోపరిమితిని 35 నుంచి 30 ఏళ్లకు తగ్గించాలన్న సవరణ ఆమె ప్రతిపాదించినదే. హిందూ స్త్రీలకు ఆస్తి హక్కు కల్పించే చట్టానికి గట్టి మద్దతు ఇచ్చారు.

ఆ దిశగా 1956లో హిందూ వారసత్వ చట్టం రాగా, పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు కల్పిస్తూ 1985లో ఆంధ్రప్రదేశ్ దేశానికి మార్గదర్శకంగా సవరణ తెచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ విస్తరించింది. పొలమే ప్రధాన ఆస్తి అయిన రాయలసీమ పల్లెలలో ఈ హక్కు ప్రాధాన్యం ప్రత్యేకంగా వివరించనవసరం లేదు. పేరున భూమి ఉన్న స్త్రీ మాటకు ఇంటిలోను, ఊరిలోను విలువ పెరుగుతుంది.

1953: రాజధాని కర్నూలు, సంక్షేమ మండలి ఢిల్లీ

1952 సార్వత్రిక ఎన్నికలలో పరాజయం పొందినప్పటికీ దుర్గాబాయి సేవలను దేశం వదులుకోలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమితులైన ఆమె, స్వచ్ఛంద సంస్థల ద్వారా మహిళా శిశు సంక్షేమానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. 1953 జనవరిలో నాటి కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం జరిగింది. అదే ఏడాది ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆ తరువాత రెండు మాసాలలోపే, 1953 అక్టోబర్ 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. నంద్యాల, ఆళ్లగడ్డ ఆనాడు కర్నూలు జిల్లాలోని భాగాలు. రాజధాని జిల్లాలోనే ఉన్నా, ప్రసవ వేదన పడుతున్న తల్లిని ఎడ్లబండిపై పట్టణానికి చేర్చవలసిన పల్లెలు అనేకం. ఇటువంటి పల్లెలను దృష్టిలో ఉంచుకొనే 1954లో సంక్షేమ విస్తరణ పథకాలను మండలి చేపట్టింది. ఒక్కొక్క పథకం పరిధిలో దాదాపు 25 గ్రామాలు, అందులో కొన్ని కేంద్రాలు ఉండేవి. కేంద్రంలో గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనుల శిక్షకురాలు పనిచేసేవారు. పిల్లలకు బాలవాడి, తల్లులకు ప్రసూతి సేవ, స్త్రీలకు అక్షరాస్యత, కుట్టుపని వంటివి ఒకేచోట లభించేలా రూపొందించారు.

అయితే గ్రామాలలో ఉండి పనిచేయడానికి చదువుకున్న మహిళలు కరవయ్యారు. పట్టణ యువతులు పల్లెలకు రావడానికి వెనుకాడగా, పల్లె స్త్రీలకు తగిన విద్యార్హత లేదు. ఈ చిక్కుకు దుర్గాబాయి కనుగొన్న పరిష్కారమే 1958లో ప్రారంభమైన సంక్షిప్త విద్యా కోర్సులు. బడి మానిన వయోజన మహిళలకు దాదాపు రెండేళ్లలో పరీక్షకు సిద్ధం చేసి, ఆపై వారినే గ్రామసేవికలుగా, నర్సులుగా, దాదులుగా, ఉపాధ్యాయినులుగా తీర్చిదిద్దడం వీటి లక్ష్యం. ఆంధ్ర మహిళా సభలో చేసిన ప్రయోగమే ఆ విధంగా దేశవ్యాప్త కార్యక్రమమైంది. సహాయం పొందవలసిన స్త్రీయే సహాయం అందించే స్త్రీగా మారడం ఆమె ఆలోచనలోని కీలకాంశం.

విద్య, కుటుంబ న్యాయం

1958లో ఏర్పాటైన జాతీయ మహిళా విద్యా సంఘానికి దుర్గాబాయి అధ్యక్షత వహించారు. 1959లో సమర్పించిన నివేదికలో బాలికల విద్యను ప్రత్యేక సమస్యగా పరిగణించి, ప్రత్యేక నిధులు, ప్రత్యేక యంత్రాంగం కల్పించాలని సంఘం సిఫారసు చేసింది. గ్రామీణ పాఠశాలలలో ఉపాధ్యాయినుల నియామకానికి, వారి నివాస వసతికి ప్రాధాన్యం ఇవ్వాలని సూచించింది.

కుటుంబ వివాదాలలో చిక్కుకున్న మహిళలు సాధారణ న్యాయస్థానాల చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసి రావడం ఆమెను ఆలోచింపజేసింది. 1953లో చైనా పర్యటనలో అక్కడి కుటుంబ న్యాయస్థానాలను పరిశీలించిన ఆమె, అటువంటి వ్యవస్థ మన దేశంలోనూ అవసరమని న్యాయకోవిదులతో, ప్రభుత్వంతో చర్చించారు. ఆమె మరణించిన మూడేళ్లకు, 1984లో, కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మహిళలకు మరొక రక్షణ కవచమైంది. ఇంటిలో భద్రత లేని స్త్రీకి ఆరోగ్యం, చదువు దక్కవన్న అవగాహన ఈ చట్టాలన్నింటి వెనుక ఉన్నది.

హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభ విస్తరణకు, ఆసుపత్రి, కళాశాలల అభివృద్ధికి దుర్గాబాయి తన చివరి దశాబ్దాలను అంకితం చేశారు. 1975లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాది తపాలా శాఖ ఆమె స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది.

నంద్యాల, ఆళ్లగడ్డలకు ఆమె బాట

దుర్గాబాయి తలపెట్టిన మార్గంలో ఈ ప్రాంతం పలు మైలురాళ్లు దాటింది. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీ కేంద్రాలను పల్లెలకు తెచ్చింది. 1990వ దశకంలో కర్నూలు, నంద్యాల పట్టణాల నడుమ ఉన్న ఓర్వకల్లు ప్రాంత మహిళలు పొదుపు ఉద్యమంతో దేశం దృష్టిని ఆకర్షించారు. 1991లో నంద్యాల నుంచి లోక్‌సభకు ఎన్నికైన శ్రీ పి.వి. నరసింహారావు ప్రధానమంత్రిగా ఉన్న కాలంలోనే 73వ రాజ్యాంగ సవరణ జరిగి, 1993 ఏప్రిల్ 24 నుంచి పంచాయతీలలో మూడవ వంతుకు తక్కువ కాకుండా స్థానాలు మహిళలకు దక్కాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడటంతో జిల్లా కేంద్రం ఆళ్లగడ్డ ప్రజలకు సుమారు 40 కిలోమీటర్ల దూరానికి చేరువైంది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు ప్రారంభమయ్యాయి.

అయినప్పటికీ భవనాలు, పథకాలతోనే పని పూర్తికాదు. పదవ తరగతితో చదువు ఆపించి పెళ్లి చేసిన బాలిక, రక్తహీనతతోనే పత్తి చేనికి కూలికి వెళ్లే గర్భిణి, నల్లమల అంచున ఉన్న చెంచు గూడెంలోని బాలింత, దెబ్బలు తిని కూడా పోలీసు స్టేషన్ గడప తొక్కడానికి జంకే ఇల్లాలు ఎక్కడ ఉన్నా దుర్గాబాయి ప్రారంభించిన పని అక్కడ మిగిలి ఉన్నట్లే. ఈ నలుగురి సమస్యలు నాలుగు శాఖల దస్త్రాలలో వేర్వేరుగా కనిపించవచ్చు. ఆమె దృష్టిలో మాత్రం అవి ఒకటే. చదువు ఆగిన చోట బాల్యవివాహం, బాల్యవివాహం వెంట బలహీన కాన్పు, ఆదాయం లేనందున మౌనంగా భరించే హింస ఒకదాని నుంచి ఒకటి పుట్టుకొస్తాయి.

కాబట్టి గ్రామంలో పనిచేసే అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు తగిన శిక్షణ, గౌరవం, సకాలంలో వేతనం లభిస్తున్నాయా, బడి మానిన యువతులకు సార్వత్రిక విద్యాపీఠం వంటి మార్గాల ద్వారా తిరిగి చదువుకునే అవకాశం చేరుతున్నదా, వైద్య, విద్య, రెవెన్యూ, పోలీసు శాఖలు ఒక కుటుంబాన్ని కలిసి చూస్తున్నాయా అన్నవే అధికారులు, పాత్రికేయులు తరచూ పరిశీలించవలసిన అంశాలు. ఎనిమిదేళ్లకే పెళ్లిపీటలెక్కిన బాలిక, ఇరవై ఏళ్లు దాటిన తరువాత చదువుకొని, దేశ రాజ్యాంగ రచనలో పాలుపంచుకోగలిగింది. ఆళ్లగడ్డ పల్లెలో నేడు బడి మానిన ఆడపిల్లకు ఆ రెండవ అవకాశం అందించడమే ఆ మహనీయురాలికి అర్పించగల సముచితమైన నివాళి.