పట్టణాలకు వైద్యుడు పాట్రిక్ గెడ్డిస్

గోదావరి కాలువయు కృష్ణా కాలువయు వచ్చి కలిసికొనే ఏలూరు వంటి పట్టణంలో నీటికి కొదువ లేదు. నేలకు సారం తక్కువ అనుటకు వీలు లేదు. విత్తు జారిపడిన చోటనే మొలకెత్తే మన్ను ఇది. అయినను ఇండ్ల నడుమ మిగిలిన చిన్న చిన్న ఖాళీ స్థలాలు ముండ్లకంపకు, చెత్తకుప్పలకు నెలవులై ఉండుట మనం తరచు చూచునదే. అందరిదీ అయిన చోటు ఎవరిదీ కాకుండా పోవుట ఒక్క ఏలూరికే పట్టిన దోషం కాదు. తాడేపల్లిగూడెంలోనైనా, లండను మహానగరంలోనైనా ఈ చిక్కు ఒక్కటే. దీనిని విడదీయుటకు తన జీవితాన్ని ధారపోసిన మహనీయుడు పాట్రిక్ గెడ్డిస్. మన ప్రాంతం చెన్నరాజధానిలో భాగమై ఉన్న రోజులలో, 1914లో, ఆ రాజధాని గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానం మీదనే ఆయన మన దేశానికి వచ్చినాడు.

గెడ్డిస్ 1854వ సంవత్సరం అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటర్ అనే ఊరిలో జన్మించినాడు. పదిహేనేండ్ల తరువాత మన గాంధీమహాత్ముడు పుట్టినదీ అదే తేదీన. తండ్రి సైన్యంలో పనిచేసినవాడు. పెర్త్ పట్టణం దాపున కొండవాలులో ఇల్లు, ఇంటి చుట్టూ తోట. ఆ తోటలో తండ్రి వెంట తిరుగుతూ నేర్చినదే ఆ బాలునికి మొదటి పాఠం. తరువాత లండనులో హక్స్‌లీ పండితుని శిష్యుడై జీవశాస్త్రం అభ్యసించినాడు. 1879లో పరిశోధనకై మెక్సికో వెళ్లగా అక్కడ కండ్ల జబ్బు వచ్చి కొన్ని వారాలు చీకటిగదిలో ఉండవలసి వచ్చినది. చూపు మరల వచ్చినది గాని, సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూచే శక్తి సన్నగిల్లినది. శాస్త్రజ్ఞునికి అది తీరని దెబ్బ. అయితే ఆయన కుంగిపోలేదు. జీవికి దాని పరిసరాలకు ఉండే సంబంధాన్ని మొక్కలలో పరిశీలించినవాడు ఇక మనుషులలో, వారి ఊళ్లలో పరిశీలింప నారంభించినాడు.

1886లో అన్నా మోర్టన్ అనే విదుషీమణిని వివాహమాడినాడు. మరుసటి ఏటనే ఆ దంపతులు ఎడింబరోలోని మంచి పేటను విడిచి, పాత బస్తీలోని జేమ్స్ కోర్టు అనే ఇరుకు లోగిలికి కాపురం మార్చినారు. అంతస్తు మీద అంతస్తుగా లేచిన పాత మేడలు, వెలుతురు చొరని సందులు, కిక్కిరిసిన పేద కుటుంబాలు: అదీ ఆ పేట. అక్కడి వారికి ఆయన ఉపన్యాసాలు చేయలేదు. తామే ముందుగా చీపురు పట్టి ఊడ్చినారు, గోడలకు సున్నం వేసినారు, కిటికీలలో పూల మొక్కలు పెట్టినారు. ఇరుగుపొరుగువారు చూచినారు, పిమ్మట చేయి కలిపినారు. ఉపకారం చేయవచ్చిన దొరగా గాక పొరుగువాడుగా ఉండి పనిచేయుటలోనే ఆయన విజయరహస్యం ఉన్నది.

1888లో డండీ కళాశాలలో వృక్షశాస్త్రాచార్య పదవి లభించినది. వేసవికాలపు పాఠాలు చెప్పిన చాలును, మిగిలిన నెలలు ఆయనవే. ఆ తీరికను ఊరి సేవకు వినియోగించినాడు. 1892లో ఎడింబరోలో ఒక పాత బురుజును చేపట్టి, తన ఊరిని, తన సీమను, ఆపై లోకాన్ని ప్రజలకు చూపించే ప్రదర్శనశాలగా మార్చినాడు. ఆ బురుజు ఆశ్రయంలోనే ఖాళీ స్థలాల సంఘం ఒకటి ఏర్పడినది. ఆయన కుమార్తె నోరా దానికి వెన్నెముక. సంఘసభ్యులు పాత బస్తీ సందుగొందులు తిరిగి, పనికిమాలినవిగా పడి ఉన్న స్థలాలను 70కి పైగా గుర్తించి పటంలో ఎక్కించినారు. అన్నీ కలిపితే సుమారు పది ఎకరాలు. ఒక్కొక్కటి చూస్తే చిన్న స్థలమే. వాటిలో కొన్నిటిని చదును చేసి, మట్టి పోసి, మొక్కలు నాటి, చుట్టుపక్కల పిల్లలకు అప్పగించినారు. జీతం తీసికొనని కార్యకర్తలే వాటికి తోటమాలులు. కాలక్రమాన వానిలో కొన్ని చెదరిపోయినవి, కొన్ని నేటికిని నిలిచి ఉన్నవి.

ఇక మన దేశానికి వచ్చిన కథ. పట్టణాల చరిత్రను తెలిపే పటాలు, చిత్రాలు ఎన్నో ఏండ్లు శ్రమించి కూర్చి ఓడలో ముందుగా పంపించినాడు. 1914 సెప్టెంబరులో చెన్నపట్టణం మీద గుండ్లు కురిపించిన ఎండెన్ అనే జర్మను యుద్ధనౌకయే ఆ ఓడను కూడ ముంచివేసినది. ఒక జీవితపు కూర్పు సముద్రం పాలైనది. స్వదేశంలోని మిత్రులు క్రొత్త పటాలు సమకూర్చి పంపగా, 1915 ఆరంభంలోనే చెన్నపట్టణంలో ప్రదర్శన జరిగినది.

చెన్నరాజధానిలోని పట్టణాలను గెడ్డిస్ కాలినడకన చూచినాడు. తంజావూరు, మధుర వంటి చోట్ల ఇరుకు పేటలను కూలద్రోసి తిన్నని వెడల్పు వీధులు వేయవలెనని అధికారులు తలపోయుచుండిరి. గెడ్డిస్ ఒప్పలేదు. మంచి వైద్యుడు రోగి కాలు నరుకుటకు ముందు పుండును మాన్పజూచును గదా! పాడుపడిన ఇల్లు ఒకటి తీసి, అక్కడ చెట్టు నాటి, అరుగు కట్టి, గాలి వెలుతురు వచ్చేటట్టు చేసిన చాలునని, పేదల కొంపలు నిలిచి ఉండగనే పేట బాగుపడునని గీతలు గీసి చూపినాడు. అందుకు ఖర్చు కూడ చాల తక్కువ.

దోమల భయంతో ఊరి చెరువులు పూడ్చే ఆలోచనలను కూడ ఆయన ఎదిరించినాడు. చెరువు ఊరికి చల్లదనం, వాననీటికి తావు. దోమపిల్లలను తినుటకు చేపలను, బాతులను విడిచిన చాలునని ఆయన మతం. తమ్మిలేరు పొంగిననాడు ఏలూరు పడే బాధ తెలిసినవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు. నీటికి చోటు లేకుండ చేస్తే నీరు మన చోటికి వచ్చును.

1917వ సంవత్సరం ఆయనకు దుఃఖమయమైనది. ఏప్రిలులో పెద్దకుమారుడు అలస్టేర్ ఫ్రాన్సు యుద్ధభూమిలో మరణించినాడు. అప్పటికే జబ్బుపడి ఉన్న భార్యకు ఆ వార్త చెప్పుటకు ఆయనకు నోరు రాలేదు. జూనులో ఆమెయు కన్నుమూసినది. అంతటి శోకాన్ని దిగమ్రింగి ఆయన ఇండోర్ సంస్థానంలో పని చేపట్టినాడు. మహామారి ఆ పట్టణాన్ని పీడిస్తున్న రోజులవి. దీపావళినాడు ఏ వీధులు శుభ్రంగా ఉంటే ఆ వీధుల గుండానే ఊరేగింపు సాగునని చాటించినాడు. జనులు పోటీపడి ఇండ్లు వాకిళ్లు బాగుచేసికొన్నారు. ఊరేగింపులో పాకీవారికి పూలదండలు వేసి గౌరవించినారు. మలినాసురుని బొమ్మను, మహామారిని తెచ్చే ఎలుక బొమ్మను తగులబెట్టినారు. తులసి మొక్కలు వేలకొలది పంచిపెట్టినారు. ఆజ్ఞలతో గాని పన్నులతో గాని జరుగని పని ఒక పండుగతో జరిగినది.

1919 మొదలు 1924 వరకు బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రాచార్యుడుగా ఉన్నాడు. జగదీశచంద్ర వసు జీవితచరిత్ర వ్రాసి 1920లో ప్రకటించినాడు. చివరి ఏండ్లు ఫ్రాన్సులోని మోంపెలియేలో గడిపి, 1932 ఏప్రిలు 17న అక్కడనే స్వర్గస్థుడైనాడు. ఆయనలో లోపాలు లేకపోలేదు. ఒక పని ముగియకముందే మరొకటి తలకెత్తుకొనేవాడు. వ్రాత సామాన్యులకు కొరుకుడుపడేది కాదు. ఆయన నివేదికలు అనేకం కచ్చేరీలలో దుమ్ముకొట్టుకొని పోయినవి.

అయినను ఆయన పద్ధతి నేటికిని పాతబడలేదు. 1950లో మున్షీగారి చొరవతో దేశమంతట వనమహోత్సవం ఆరంభమైనది. నాటుటను మనం నేర్చుకొన్నాము. వేసవిలో ఆ మొక్కకు నీరు పోయువాడెవడన్న ప్రశ్న మాత్రం మిగిలిపోవుచున్నది. కొల్లేటిని 1999లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించినారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేర్చినారు. అయినను చేపల చెరువుల గట్లు సరస్సు గర్భాన్ని ఆక్రమింపగా 2006లో వానిని పగులగొట్టవలసి వచ్చినది. అందరి సొత్తును కొందరు ఆక్రమించుట, అందరును ఉపేక్షించుట: ఈ రెండును ఒకే వ్యాధికి రెండు ముఖాలు. చట్టం మొదటిదానికి మందు కావచ్చును. రెండవదానికి మందు పొరుగువారి చేతులలోనే ఉన్నది.

గెడ్డిస్ చెప్పిన క్రమం సులభమైనది: ముందు చూడుము, పిమ్మట పటం గీయుము, ఆ తరువాత నాటుము. ఉపాధ్యాయులు తమ విద్యార్థులతో బడి చుట్టూ ఉన్న నాలుగు వీధులు నడిచి, ఖాళీ స్థలాలు ఎన్ని, నీరు ఎక్కడ, నీడ ఎక్కడ అని నోటు పుస్తకంలో వ్రాయించిన చాలును. భూగోళం, గణితం, వృక్షశాస్త్రం ఆ ఒక్క నడకలోనే ఇమిడిపోవును. ఏ మొక్క ఏ నేలకు తగునో అడిగి తెలిసికొనుటకు తాడేపల్లిగూడెం దాపున వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే కలదు. తక్కినది, నాటిన మొక్కకు మూడేండ్లు నీరు పోయగల ఓపిక. అది ఏ విశ్వవిద్యాలయమూ ఈయలేదు. ఆ వీధివారే ఈయవలెను.