రాతి వంతెనల రాబర్ట్ మోజెస్

న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ నుంచి సముద్రపు ఇసుక దీవులకు వెళ్లే ఒక పార్క్‌వేకు రాబర్ట్ మోజెస్ పేరే పెట్టారు. 1888లో పుట్టిన ఇతను ఏ ఎన్నికలోనూ గెలవలేదు. 1934లో గవర్నర్ పదవికి నిలబడి ఓడిపోయాడు. అయినా పార్కులు, రోడ్లు, వంతెనల సంస్థలు దశాబ్దాలపాటు అతని గుప్పిట్లోనే ఉన్నాయి. కారు నడపడం మాత్రం అతనికి రాదు!

1929లో జోన్స్ బీచ్‌ను ప్రజల కోసమని తెరిచాడు. దారిలోని పార్క్‌వేల మీద బస్సులకు అనుమతి లేదు. వాటిపై అడ్డంగా కట్టిన రాతి వంతెనలు చాలావరకు బస్సు దూరలేనంత కిందికి ఉంటాయి. కారు కొనలేని పేదల్ని, నల్లజాతివారిని రానివ్వకూడదనే అలా కట్టించాడని 1974లో అతని జీవితచరిత్ర రాసిన రాబర్ట్ కేరో అంటాడు. బస్సులపై ఎలాగూ నిషేధం ఉంది, వంతెన ఎత్తుకు దురుద్దేశం అంటగట్టడమెందుకని కొందరు పరిశోధకుల అభ్యంతరం. ఆ వాదన నాకు సరిపోలేదు. నిషేధాన్ని ఒక ఉత్తర్వుతో ఎత్తేయొచ్చు, రాతిని ఎలా ఎత్తేస్తారు? 1950లో మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసింది, ఎన్నో ఊళ్లలో వాడ ఇంకా ఊరి చివరే ఉంది.

క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం వేలమందిని ఇళ్లనుంచి లేపేసిన మోజెస్, 1968లో అధికారం పోగొట్టుకుని 1981లో చనిపోయాడు.