విశాఖ తీరాన ప్యాట్రిక్ రస్సెల్

1803వ సంవత్సరంలో లండన్ నగరంలో రెండు సంపుటాల గ్రంథమొకటి వెలువడింది. కోరమాండల్ తీరంలోని విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలూ, చిత్రాలూ అందులో ఉన్నాయి. ఆ పుటలను తిరగవేసిన ఐరోపా పండితులకు వింతగా తోచిన విషయమొకటుంది. లాటిన్ నామాల పక్కన కోనెం, వంజరం, పార, బొంత వంటి మాటలు రోమను లిపిలో దర్శనమిచ్చాయి. అవి విశాఖ జాలరుల నోటి మాటలు. వాటిని చెవియొగ్గి విని, శ్రద్ధగా రాసుకొన్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్.

రస్సెల్ స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జన్మించారు. అక్కడే వైద్యవిద్య నేర్చి, సిరియా దేశంలోని అలెప్పో నగరంలో వైద్యుడిగా ఉన్న తన అన్న అలెగ్జాండర్ వద్దకు వెళ్లారు. 1753లో అన్న స్వదేశానికి మరలిపోగా ఆ బాధ్యతను తాను స్వీకరించారు. 1760-62 సంవత్సరాలలో ఆ నగరాన్ని మహమ్మారి ప్లేగు చుట్టుముట్టింది. అప్పుడు రోగుల మధ్య నిలిచి గమనించిన విషయాలే తరువాత 1791లో ఆయన ప్రచురించిన ప్లేగు గ్రంథానికి ఆధారమయ్యాయి. ఎవరో చెప్పినదానిని నమ్మడం కన్న కంటితో చూసినదానిని రాసుకోవడం ఆయనకు అలెప్పోలోనే అలవడిందనవచ్చు.

భారతదేశానికి ఆయన రాక ఉద్యోగం కోసం కాదు. ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నం పాలనాధికారిగా నియమించిన తమ్ముడు క్లాడ్‌కు తోడుగా, యాభై ఏళ్లు దాటిన వయస్సులో ఓడ ఎక్కారు. తీరా వచ్చిన తరువాత ఇక్కడి నేల, నీరు ఆయనను ఊరకుండనీయలేదు. కంపెనీ పక్షాన ప్రకృతి పరిశోధన సాగిస్తున్న కోనిగ్ 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురంలో మరణించగా, ఆ పదవి రస్సెల్‌కు లభించింది.

ఆ పదవి ప్రధానంగా మొక్కలకు సంబంధించినది. ఉపయోగకరమైన మొక్కలను చిత్రాలతో సహా వర్ణించి ప్రచురించాలని ఆయన మద్రాసు ప్రభుత్వానికి సూచించారు. ఆ పనిని విలియం రాక్స్‌బర్గ్ కొనసాగించగా, 1795లో వెలువడనారంభించిన కోరమాండల్ తీర వృక్షాల గ్రంథానికి రస్సెలే పీఠిక రాశారు. అయితే తీరంలో పాముకాటుకు గురై చనిపోయేవారిని చూసిన ఆ వైద్యుని మనస్సు మొక్కల వద్దనే ఆగలేదు. ఏది విషసర్పమో, ఏది కాదో జనానికి తెలియక నిరపాయమైన పాము కరిచినా భయంతో కుంగిపోయేవారు. విషసర్పం కరిస్తే పనికిరాని మందులను నమ్ముకొనేవారు. రస్సెల్ పాముల కోరలను పరిశీలించారు. కుక్కల మీద, కోళ్ల మీద విషప్రభావాన్ని పరీక్షించారు. ఆనాడు పేరుపొందిన తంజావూరు మాత్రను కూడ పరీక్షకు నిలబెట్టారు. ఆ ప్రయోగాలు నేటి దృష్టికి క్రూరంగానే తోస్తాయి. 1796లో వెలువడిన ఆయన సర్పగ్రంథంలో కాటుక రేకుల పొడ అనే తెలుగు పేరుతో వర్ణితమైన పాము మన రక్తపింజర. రుద్రారం వంటి మెట్ట ప్రాంతాల రైతులకు నేటికీ భయకారణమైన ఆ పామును శాస్త్రలోకం రస్సెల్ పేరుతోనే గుర్తిస్తున్నది. ఆయన నమోదు చేసిన బంగారు పాము అనే మాట నుండి కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే పేరు ఏర్పడింది.

చేపల పని ఇంతకన్న కష్టమైనది. పామును సీసాలో భద్రపరచవచ్చు. ఉష్ణమండలపు ఎండలో చేప కొద్ది గంటలకే చెడిపోతుంది. అంతకన్న ముందే దాని రంగులు వెలిసిపోతాయి. నీటి నుండి తీసినప్పుడు వెండిలా మెరిసే పార చేప మధ్యాహ్నానికి మసకబారుతుంది. అందువల్ల చేప ఒడ్డుకు చేరిన వెంటనే దేశీయ చిత్రకారుల చేత బొమ్మ గీయించడం, రెక్కల ముళ్లను లెక్కించడం, పేరు అడిగి రాసుకోవడం జరగాలి. ఆ చిత్రకారుల పేర్లు చరిత్రలో ప్రసిద్ధికెక్కకపోవడం విచారకరం.

చేపలను తెచ్చినవారు తెప్పల మీద కడలికి వెళ్లే జాలరులు. తేలిక దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్ప కెరటం మీద మునిగీ తేలుతూ సాగిపోతుంది. ఒడ్డుకు వచ్చాక విప్పి ఆరబెట్టవచ్చు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం పోటెత్తుతుంది. ఆశ్వయుజ కార్తికాలలో తుపానులు పొంచి ఉంటాయి. ఏ కాలంలో ఏ చేప ఏ లోతున తిరుగుతుందో, దేనికి వల వేయాలో, దేనికి గేలం వేయాలో తరతరాల అనుభవం వారికి నేర్పింది. ఒకే కుటుంబానికి చెందిన చేపలను వారు పార అనే మాటకు ముందు వేర్వేరు విశేషణాలు చేర్చి విడదీశారు. శాస్త్రజ్ఞుడు ప్రజాతి, జాతి అని రెండు మాటలతో చేసే పని అదే కదా! రస్సెల్ ఆ పేర్లను త్రోసిపుచ్చకుండా యథాతథంగా నిలిపారు. వాటిని చెప్పిన మనుషుల పేర్లు మాత్రం ఆయన గ్రంథం ద్వారా లోకానికి అందలేదు.

నేడు ఉష్ణజలాలలో వినోదం కోసం పడవలను అద్దెకు తీసుకొని గేలం వేసే యాత్రికులు అండమాన్, మాల్దీవుల సముద్రాలలో ముఖ్యంగా కోరేది ఈ కోనెం, పార జాతులనే. వారికి గేలానికి చిక్కిన చేపతో సాగే పెనుగులాట ఆట. జాలరికి అది ఆ పూట కూడు. విశాఖ తీరంలో తెప్పల స్థానాన్ని చాలావరకు మరపడవలు ఆక్రమించాయి. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని గౌరవించి 2015 నుండి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తున్నారు.

రస్సెల్ 1789లో స్వదేశానికి తిరిగి వెళ్లారు. మత్స్యగ్రంథం అచ్చులో చూసుకొన్న రెండేళ్లకు, 1805 జులై 2న లండన్‌లో కన్నుమూశారు. పారిస్‌లో కువియే, ఆయన సహచరుడు వలాన్‌సియెన్ చేపలన్నిటినీ వర్గీకరించడానికి పూనుకొన్నప్పుడు విశాఖ చిత్రాలను ముందు పెట్టుకొన్నారు. 1828లో వలాన్‌సియెన్ ఒక చేపకు బొంతు అనే మాటనే జాతినామంగా పెట్టారు. 1849లో, డచ్చివారి జావాలో సైనిక వైద్యుడైన బ్లీకర్ మరొక చేపకు రస్సెల్ పేరే పెట్టారు. ఆ చేపకు పక్కన నల్లని మచ్చ ఉంటుంది.