టాటా ఇమానాలు, సర్కారు కలపటాలు

ఆలమూరులో గల్ఫుకెళ్ళేవోళ్ళని సాగనంపినప్పుడల్లా నాకు జె.ఆర్.డి. టాటా గుర్తొస్తారండి. 1904లో పారిస్‌లో పుట్టారు. 1932లో కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాల మూటలేసుకుని విమానం తనే నడిపారు. నిజాం సర్కారుతో కలిసి బేగంపేటలో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిందీ ఆయన కంపెనీయే.

1953లో నెహ్రూ సర్కారు దక్కన్‌తో సహా ఎనిమిది కంపెనీల్ని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసింది. ఎయిరిండియాని విడిగా తీసుకుంది. ఆయనకది బొత్తిగా ఇష్టం లేదు. అయినా అలిగి పోలేదు, ఎయిరిండియాకి ఛైర్మన్‌గా ఉండిపోయారు. విమానమెక్కితే చాలు, కనపడ్డ లోపమల్లా కాగితం మీద రాసుకునేవారు. నేను సర్కారు కంపెనీలుండాలనేవోణ్ణే, కానీ ఆ పట్టింపు నాకు నచ్చుద్ది. 1978లో మొరార్జీ సర్కారు ఆయన్ని తీసేసింది. 1993లో పోయారు.

2007లో ఆ రెంటినీ కలిపేశారు. అప్పులు పేరుకున్నాయి. 2022లో మళ్ళీ టాటాలకే అమ్మారు. అప్పులో పెద్ద వాటా మాత్రం సర్కారు దగ్గరే, అంటే మన నెత్తినే ఉంచారు.